ఒకటి కన్నా తక్కువ

ఐస్‌క్రీమ్ డబ్బా మూతలు కావాలని అడిగితే
ఊరంతా తెచ్చి మా వరండాలో కుమ్మరించింది.
వెనిల్లా వాసన ఇంకా వదలని మూతలు.
ఒక్కోదానికి రెండు కన్నాలు, జానెడు తీగ,
పైన సీసా బిరడా అంత గిన్నె.
బొరియ గుమ్మానికి వేలాడదీస్తే
దూరిపోయే వాంబాట్ వీపు మీద
తలుపే మందు పోస్తుంది.

ఇది టాస్మానియా. జూలై. గడ్డి విరిగేంత చలి.
ముప్పై ఏళ్లు పాల ట్యాంకర్ నడిపాను ఈ దారిన.
హెడ్‌లైట్ల వెలుగులో ఎన్నిటిని చూశానో!
బస్తాకు కాళ్లొచ్చినట్టు నడిచేవి,
రాతి మీద నలుపలకల పెంటికలు పేర్చి
మా హద్దు ఇది, అని చెప్పి పోయేవి.
ఇప్పుడు పట్టపగలే కనిపిస్తున్నాయి.
పగలు కనిపించడమే జబ్బు.
ఒళ్లంతా పెచ్చులు, పూడుకుపోయిన కళ్లు,
గీక్కుని గీక్కుని అలిసి
ఎండలో నిలబడతాయి
నా బూట్ల చప్పుడుకైనా బెదరకుండా.

గజ్జి పురుగు. కంటికి ఆనదు.
ఓర్లా తన ల్యాబ్‌లో చూపించింది:
ఎనిమిది కాళ్ల చుక్క.
"చంపడం ఎంతసేపు?
వానకు కొట్టుకుపోకుండా, తోలులో ఇంకి,
వారం నిలవాలి. అదీ నా తిప్పలు."
నూనె మార్చింది. మళ్లీ మార్చింది.
పదకొండో సీసా చేపల కంపు.
పద్నాలుగోది మూతనే తినేసింది.
పదిహేడోది తన మోచేతికి పూసుకుని
మా ఇంట్లో అంట్లన్నీ తోమింది,
పోతుందా ఉంటుందా చూద్దామని.

లెవెంట్ ఉండేది హోబర్ట్‌లో.
ఎన్నడూ వాంబాట్‌ను చూడలేదు.
జబ్బుపడ్డది ఒకటి, ఎన్నిటికి అంటిస్తుంది?
ఆ ఒక్క అంకె చాలంటాడు.
ఒకటి దాటితే లోయ ఖాళీ.
ఒకటి కన్నా తగ్గితే
రోగమే దారి మరిచిపోతుంది.
వంటింటి బల్ల మీద, రొట్టె పొట్టు నెట్టేసి
గీసి చూపించాడు:
ఒకటి వదిలిన పడకలో ఇంకొకటి పడుకుంటుంది,
పురుగు అక్కడే కాచుకుని ఉంటుంది.
పొరుగు కాదు, ఇక్కడ ఇల్లే అంటిస్తుంది.
తొంభై గుమ్మాలు, పన్నెండు వారాలు,
ఒక్క గురువారం తప్పకుండా పోస్తే
సున్నా దశాంశం ఎనిమిది.
ఆ రాత్రి ఎనిమిదిని ఎంత ప్రేమించానో.

మోకాళ్ల మీద తిరిగాను.
ఫెర్న్ ఆకులకు చిక్కిన మూతలు,
గాలి ఎత్తుకుపోయిన మూతలు.
చచ్చినవాటికి కాగితంలో ఒక గడి ఉంది.
అందులో వేసే గీత చిన్నదే,
పెన్ను మాత్రం బరువు.

నలభై ఒకటో గుమ్మం దగ్గర చెవి చిరిగిన ముసలిది.
మూత కట్టిన రాత్రే పక్కన ఇంకో దారి తవ్వుకుంది.
మూత అక్కడికి మార్చాను.
మూడో దారి తవ్వింది.
లెవెంట్‌కు ఫోన్ చేసి అడిగాను:
"నీ సమీకరణంలో ఈవిడ ఎక్కడుంది నాయనా?"

మర్నాడు బస్సు దిగాడు, పట్నం బూట్లతో.
వానలో, టార్పాలిన్ కింద, తెల్లవార్లూ కూర్చున్నాడు.
పొద్దున టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని
"మొండితనానికి ఒక అక్షరం పెట్టాలి," అన్నాడు.
పెట్టాడు. అంకె ఒకటీ దశాంశం ఒకటికి ఎక్కింది.
ఓర్లా తిట్టిన తిట్లు రాయను.
ఇంకో పన్నెండు వారాల మందు మాత్రం కాచి పంపింది.

అక్టోబరు చివర, నలభై ఒకటి.
గిన్నె ఖాళీ. వంగిన తీగకు
పొట్టి వెంట్రుక ఒకటి.
కెమెరాలో మూత ఊగుతోంది, అంతే,
ఊపినది గాలో, ఆవిడో.
కాగితంలో ఉన్నవి రెండే మాటలు: అవును, కాదు.
ఏదీ రాయలేదు.

సాయంత్రం లెవెంట్ ఫోన్.
"ఈ వారం గడి ఖాళీగా ఉంది.
ఖాళీ అంటే సున్నానా?"

"కాదు," అన్నాను.
"అలాగే వదిలెయ్యి."